చెక్కు ఎవరు రాస్తారు? – గవాండే వ్యాసం మళ్ళీ చదివాక

అతుల్ గవాండే రాసిన ‘ది కాస్ట్ కనండ్రమ్’ 2009 జూన్‌లో న్యూయార్కర్‌లో వచ్చింది. అమెరికాలో ఆరోగ్య బీమా చట్టం మీద రగడ అప్పుడప్పుడే వేడెక్కుతోంది. ఒబామా ఆ వ్యాసాన్ని తన సిబ్బంది చేత పట్టుబట్టి చదివించాడని పత్రికలు రాశాయి. నేను మాత్రం దాన్ని 2014లో చదివాను, అదీ అమ్మ పుణ్యమా అని.

అమ్మ డాలస్ వచ్చిన మూడోవారంలో ఓ అర్ధరాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఎమర్జెన్సీలో స్కాన్ తీసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. తెల్లారేసరికి నొప్పి తగ్గింది. అయినా ఆపరేషన్ చేయించేయమన్నారు. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఆ రాళ్ళు ఇండియాలోనే పుట్టాయి కాబట్టి మాకు సంబంధం లేదన్నారు! (ముందునుంచీ ఉన్న జబ్బు పేరుతో బీమా నిరాకరించకూడదన్న కొత్త చట్టం అప్పటికి అమల్లోకి వచ్చింది. విజిటర్ పాలసీలకి అది వర్తించదు.) “వద్దు నాన్నా, ఇంటికెళ్ళాక చూపించుకుంటాలే” అంది అమ్మ. ఆ ఒక్క రాత్రి బిల్లు నేను పదకొండు నెలలు కట్టాను.

గవాండే వ్యాసంలో సరిగ్గా ఇలాంటి రాళ్ళే ఉన్నాయి. మొదటిసారి నొప్పి వచ్చిన మనిషికి మందులిచ్చి, కొవ్వు తగ్గించమని చెప్పి, కొన్నాళ్ళు చూడచ్చు అంటాడాయన. టెక్సాస్ సరిహద్దులోని మెక్‌ఆలెన్ ఊళ్ళో అలా ఆగరు, కోసేస్తారు. 2006లో ఆ ఊళ్ళో ఒక్కో వృద్ధుడి మీద మెడికేర్ పెట్టిన ఖర్చు దాదాపు 15,000 డాలర్లు. జనాభాలో, పేదరికంలో అలాంటిదే అయిన ఎల్ పాసోలో అందులో సగం. ఎందుకు?

ఈ ‘ఎందుకు’ని నడిపిన తీరు అద్భుతం. డాక్టర్లతో భోజనానికి కూర్చుంటాడు. కోర్టు కేసుల భయం వల్ల పరీక్షలు ఎక్కువ రాస్తున్నాం అంటారు వాళ్ళు. కానీ బాధకిచ్చే పరిహారానికి టెక్సాస్ 2003లోనే 2,50,000 డాలర్ల పరిమితి పెట్టింది, కేసులు దాదాపు ఆగిపోయాయి కదా? బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలోనే ఒకాయన, చాలించండి, మనం అనవసరంగా చేస్తున్నాం, అని ఒప్పేసుకుంటాడు. మేం ఒక బగ్‌ని పట్టుకునేది కూడా ఇలాగే, ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ. అదే ఏడాది ఆగస్టులో సారా పేలిన్ ‘డెత్ ప్యానెల్స్’ అని కేక వేసింది. బిల్లులో ఉన్నదల్లా చివరిరోజుల గురించి డాక్టరుతో మాట్లాడుకుంటే ఆ సమయానికి మెడికేర్ డబ్బిస్తుందనే. అలాంటి వేసవిలో ఇంత నెమ్మదిగా లెక్క చూపించిన వ్యాసం నాకింకోటి కనబడలేదు.

అయితే ముగింపుకొచ్చేసరికి గవాండేతో నాకు పేచీ. వైద్యాన్ని ఇల్లు కట్టడంతో పోలుస్తాడు. మేస్త్రీ లేకుండా ప్లంబరుకీ ఎలక్ట్రీషియనుకీ విడివిడిగా, పెట్టిన ప్రతి స్విచ్చుకీ డబ్బిస్తూ పోతే ఆ ఇల్లు ఏమవుతుంది? చెక్కు ప్రభుత్వం రాసినా కంపెనీ రాసినా ఇల్లు బాగుపడదు అంటాడు. దేశమంతా ప్రభుత్వ బీమా కావాలా వద్దా అని కొట్టుకుంటున్నప్పుడు, అది అసలు ప్రశ్నే కాదని చెప్పడం అది. హాస్పిటల్ కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి మాత్రం మొదటి ప్రశ్న అదే.

పైగా ఆయన ప్రధానమైన లెక్కలు మెడికేర్‌వి. మెడికేర్ ధరలు ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి ఊరికీ ఊరికీ మరీ తేడా ఉండదు. ఆ డేటాలో వెతికితే దొరికేది ఎన్ని పరీక్షలు, ఎన్ని ఆపరేషన్లు అన్నదే. ఒక్కోదానికీ ఎంత గుంజారన్నది అందులో కనపడదు. 2010 చివర్లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అవే రెండు ఊళ్ళలో 65 ఏళ్ళలోపు, ప్రైవేటు బీమా ఉన్నవాళ్ళ ఖర్చు చూసింది. మెక్‌ఆలెన్‌లోనే 7 శాతం తక్కువ! మనం లాగ్ పెట్టిన సర్వర్‌లోనే తప్పు కనిపిస్తుంది, మరి.

గవాండే మోసం చేశాడనను. ఆయన సర్జను, చేతులు చేసే పనే ఆయనకి ముందు కనపడుతుంది. 2015లో ‘ఓవర్‌కిల్’ అనే వ్యాసంలో మళ్ళీ మెక్‌ఆలెన్ వెళ్ళాడు. అక్కడ మెడికేర్ ఖర్చు మనిషికి దాదాపు 3,000 డాలర్లు తగ్గిందట. తన సొంత తల్లికి జరిగిన అనవసరపు పరీక్షల గురించి కూడా అందులో రాశాడు. మొదటిదానికంటే నాకు అదే ఎక్కువ నచ్చింది. రెండూ కలిపి చదవాలి.

అన్నట్టు, అమ్మ గుంటూరు వెళ్ళి వేరే డాక్టరుకి చూపించుకుంది. ఆయనా ఆపరేషనే అన్నాడు. అమ్మ వినలేదు, నూనె మానేసింది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ నొప్పి వచ్చినప్పుడు చేయించుకుంది. డాలస్ డాక్టరు నిజమే చెప్పాడో, బిల్లు కోసం చెప్పాడో నాకు ఇప్పటికీ తేలలేదు.