కుదిపితే కదిలే మట్టి

నాన్నగారి మందుల షాపులో ఒక పింగాణీ కల్వం ఉండేది. ఎంత తోమినా దాని అడుగున గులాబీ రంగు జీర పోయేది కాదు. అది కాలమిన్ లోషన్ రంగు. కోనసీమ ఎండాకాలంలో కొబ్బరి నీడ ఉన్నా ఉక్క ఉక్కే. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఖాళీ సీసా కడిగి పట్టుకుని వచ్చేవాళ్ళు. “చెమటకాయలండీ, పిల్లోడు రాత్రంతా పడుకోలేదండీ” అనేవాళ్ళు. డాక్టరుగారు చీటీ మీద ఒక్క మాట రాసేవారు. మిగతాదంతా నాన్నగారి చేతి పని.

ఆ పని వరస నాకు ఇప్పటికీ తప్పదు. వంద మిల్లీలీటర్లకి 15 గ్రాముల కాలమిన్, 5 గ్రాముల జింక్ ఆక్సైడ్, 3 గ్రాముల బెంటొనైట్ మట్టి. మూడూ పొడిగా కలిపి, సోడియం సిట్రేట్ కరిగించిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ నూరాలి. ముద్ద మెత్తబడి కల్వం అంచు వదిలాకే గ్లిజరిన్, ఫినాల్. ఆ తర్వాతే మిగతా నీళ్ళు. పన్నెండేళ్ళప్పుడు ఓసారి తొందరపడి నీళ్ళన్నీ ఒక్కసారే పోసేశాను. మట్టి ఉండలు కట్టింది. ఉండ పైన జిగురు, లోపల పొడి. “గుడ్డలో వడకట్టేద్దాం నాన్నగారూ” అన్నాను. ఆయన కల్వం పెరట్లోకి తీసుకెళ్ళి పారబోసి, కడిగి తెచ్చి తక్కెడ నా ముందు పెట్టారు. “వడకట్టేస్తే ఆ మూడు గ్రాములూ గుడ్డలో ఉంటాయమ్మా, సీసాలో ఉండవు.”

మట్టితో మందేమిటని ఆ వయసులో అనుకునేదాన్ని. జవాబు రిగ్గు మీంచి వచ్చింది.

1970ల చివర్లో నరసాపురంలో గ్యాస్ పడ్డాక గోదావరికి అటూ ఇటూ బావులు తవ్వుతూనే ఉన్నారు. రాత్రి డాబా ఎక్కితే కొబ్బరి తలల మీదుగా రిగ్గు దీపాలు కనిపించేవి. అక్కడ పనిచేసేవాళ్ళు కంటి చుక్కలకీ, ఒళ్ళు నొప్పుల మాత్రలకీ మా షాపుకే వచ్చేవారు. వాళ్ళలో ఒకాయన బెంగాలీ. రిగ్గులో బురద చూసే ఇంజినీరు. మేం ‘మడ్డు సారు’ అనేవాళ్ళం. మెడ నిండా దద్దుర్లతో వచ్చి లోషన్ తీసుకున్నాడు. సీసా తలకిందులు చేసి, అది గాజు వెంబడి జారే తీరు చూస్తూ “ఇందులో బెంటొనైట్ ఉందా?” అన్నాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి కొనుగోలుదారు ఆయనే. నాన్నగారు కుర్చీ లాగి వేశారు.

సగం హిందీ, సగం తెలుగు. రిగ్గులో ఇదే మట్టి టన్నుల లెక్కన కలుపుతారట. ఆ బురదని గొట్టం లోంచి కిందికి పంపుతారు. అది తవ్వే కొన దగ్గర బయటపడి, రాతి పొడిని మోసుకుంటూ గొట్టం చుట్టూ పైకొస్తుంది. కొత్త గొట్టం తగిలించడానికి పంపు ఆపుతారు కదా, అప్పుడుంది అసలు సంగతి. బురద నీళ్ళలా ఉంటే రాతి పొడంతా జారి కొన మీద కూర్చుంటుంది. బెంటొనైట్ బురద అలా కూర్చోనివ్వదు. రేకుల్లాంటి దాని రేణువులు ఒకదానికొకటి ఆనుకుని పేకమేడలా నిలబడతాయి. కదిలిస్తే మేడ కూలి పారుతుంది, ఆపితే మళ్ళీ కడుతుంది. మా సీసాలో కాలమిన్‌ని తొందరగా పేరుకోనివ్వకుండా మోస్తున్నదీ ఆ మేడేనని అప్పుడు తెలిసింది.

బురదకి బరువు కావాలంటే బెరైటీస్ కలుపుతారనీ, ఆ రాయి మన రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలోనే దొరుకుతుందనీ చెప్పాడు. “బేరియం సల్ఫేటేగా? కడుపు ఎక్స్‌రేకి తాగిస్తారు” అన్నారు నాన్నగారు. ఆ పూట ఇద్దరూ అన్నదమ్ముల్లా కనిపించారు నాకు. ఆయన దగ్గర ఒక గరాటు ఉండేదట. దాన్నుంచి కొలత ప్రకారం నీళ్ళు జారడానికి 26 సెకన్లు పడుతుంది. బురదకి ఎంత పడుతుందో రాత్రీ పగలూ గడియారం పట్టుకుని చూడటం ఆయన ఉద్యోగం. బురద మరీ తేలికైతే లోపలున్న గ్యాస్ తోసుకొస్తుంది, మరీ బరువైతే రాయి పగులుతుంది. మా తక్కెడ పళ్ళెం ఓసారి వేలితో నొక్కి వదిలి, లేచి వెళ్ళాడు.

1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి ఉన్నాను. ఆ ఏడు మా వీధిలో భోగిమంట చిన్నదే వేశారు. ఆకాశం అప్పటికే ఎర్రగా ఉంది. ఆ మంట 65 రోజులు మండింది. నిద్ర పట్టడం లేదనీ, కళ్ళు మండుతున్నాయనీ వచ్చేవాళ్ళతో షాపు రాత్రి పదిదాకా తెరిచే ఉండేది. రిగ్గుల వాళ్ళు ఎవరు కనిపించినా నాన్నగారు ముందు ‘మడ్డు సారు’ గురించే అడిగేవారు. ఏడాది కిందటే అస్సాం బదిలీ అయ్యాడని చివరికి ఎవరో చెప్పారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తిన్నారని అమ్మ చెప్పింది.

ఇప్పుడు లోషన్ ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. శుభ్రంగా, ప్రతి సీసా ఒకేలా ఉంటుంది. దాన్ని తప్పు పట్టను. కానీ మందు చేతికిచ్చే మనిషికి అందులో ఏం జరుగుతోందో తెలియకపోవడం నాకు నష్టమే అనిపిస్తుంది. “బాగా కుదిపి రాయండమ్మా, లేకపోతే పైన నీళ్ళే వస్తాయి” అని నాన్నగారు ప్రతి ఒక్కరికీ, ప్రతిసారీ చెప్పేవారు. “ఆయ్” అని వాళ్ళు షాపు మెట్ల మీదే కుదపడం మొదలుపెట్టేవాళ్ళు.

పోయిన వారం మనవరాలికి లోషన్ కొన్నాను. కౌంటరు దగ్గరే సీసా తలకిందులు చేసి చూస్తుంటే షాపు అబ్బాయి “డేటు ఉందండీ, చూసే ఇచ్చాను” అన్నాడు. “డేటు కాదు బాబూ, మట్టి చూస్తున్నాను” అన్నాను. ఫోను పక్కన పెట్టి అతనూ వంగి చూశాడు.