పద్యనాటక పోటీలును, బహుమాన జోస్యమును

పద్యనాటక పోటీలు జరుగు ఊరిలో నాటకముకంటె జోస్యమే ముందు మొదలగును. తెర లేవక పూర్వమే వెనుక వరుసలలోని పెద్దలు స్వర్ణము వీరికి, రజతము వారికి అని పంచిపెట్టుచుందురు. నేనును చాలకాలము ఈ పంపకమున పాలుపంచుకొన్నవాడనే. నా జోస్యములు పెక్కుమారులు ఫలించినవి. ఫలించినప్పుడెల్ల నాట్యశాస్త్రము నాకు కరతలామలకమైనట్లు గర్వించితిని. ఒకనాటి రాత్రి ఒక వృద్ధుడడిగిన ప్రశ్నతో ఆ గర్వము చాలవరకు దిగిపోయినది. ఆ మాట తరువాత చెప్పెదను.

పోటీల తీరు నెరుగని చదువరులకు రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1998లో నంది నాటకోత్సవములను ప్రారంభించినది. చలనచిత్ర, టెలివిజన్, నాటకరంగాభివృద్ధి సంస్థ వానిని నడపుచు వచ్చినది. సాంఘిక నాటకమునకు, నాటికకు, బాలల నాటికకు వలెనే పద్యనాటకమునకును వేరు విభాగము కలదు. దరఖాస్తు చేసిన సమాజములలో కొన్నింటిని మొదట ఏరుదురు. ఏరబడినవి ఉత్సవవేదిక నెక్కును. అచ్చట న్యాయనిర్ణేతలు స్వర్ణ, రజత, కాంస్య నందులను నిర్ణయింతురు. నటనకు, సంగీతమునకు, ఆహార్యమునకు, రంగాలంకరణమునకు విడి బహుమానములు. కనుక జోస్యము రెండు విధములు. వేదిక నెవరు ఎక్కుదురనునది యొకటి. ఎక్కినవారిలో నెవరు గెలుతురనునది మరియొకటి. మా వెనుక వరుసలవారి కుతూహలమంతయు రెండవదానిమీదనే. విమర్శకుడు మాత్రము మొదటిదానిని పట్టుకొనవలెనని నా యభిప్రాయము.

రెండవ జోస్యము కష్టమైనది గాదు. కథ పురాణమునుండియో రాజుల చరిత్రనుండియో వచ్చినదా? నాయకుడు పద్యము కడపటి యక్షరమును పట్టుకొని హార్మోనియముతో పందెము వేసినట్లు రాగము సాగదీసెనా? చప్పట్లకు తోడు ‘వన్స్‌మోర్’ వినబడెనా? తెర వెనుక కోటయు, కోట వెనుక కొలనును, కొలనునుండి లేచు దేవతయు కనబడెనా? ఇవి నాలుగును కుదిరిన నాటకమునకు పతకము తప్పుట యరుదు. నిర్ణేతలలో గాయకులెక్కువైనచో గొంతునకును, ప్రయోక్తలెక్కువైనచో వేగమునకును మొగ్గు చూపుదురు. ఇంత తెలిసినవాడు నాటకము చూడకయే చెప్పవచ్చును. ఒకమారు బస్సు ఆలస్యమై, మొదటి రంగములు చూడకయే నేను చెప్పితిని, అదియు ఫలించినది.

అయితే ఫలించిన జోస్యము నాటకమునుగూర్చి నాకేమి నేర్పినది? ఒక పోటీలో ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టము చూచితిని. తన్నుతానోడిన భర్తకు భార్యను పణముగా నొడ్డు హక్కెక్కడిదని ఆమె సభనడుగు ప్రశ్న మన వాఙ్మయములో నాడుది యడిగిన ప్రశ్నలలోకెల్ల పదునైనది. నటి ఆ ప్రశ్నను రాగములో ముంచినది. రాగము తేలినది, ప్రశ్న మునిగినది. ఉత్తమనటి యామెయే యగునని కాగితముపై ముందే వ్రాసి యుంచితిని, అట్లే అయినది. నా ప్రక్కన కూర్చున్న ఒక యిల్లాలు మాత్రము, “ఇంతకు ఆమె యేమడిగినదండీ?” అని నన్నడిగెను.

ఈ జోస్యమునకు భయపడిన దేశమొకటి యుండెను. ప్రాచీన ఏథెన్సులో డయొనీసస్ దేవుని యుత్సవమున పాటయు, ఆటయు, పద్యమును గలిసిన నాటకములు పోటీకి ఆడుచుండిరి. పది తెగలనుండి పదిమంది నిర్ణేతలను చీట్లు వేసి తీయుదురు. వారి తీర్పులన్నియు నొక పాత్రలో వేసి, అందుండి అయిదింటిని మాత్రమే చేతికి దొరికినట్లు తీసి లెక్కింతురు. ఎవనికి లంచమిచ్చినను వాని తీర్పు లెక్కకు వచ్చునో రాదో తెలియదు గదా! అయినను సొఫోక్లిస్ ‘ఈడిపస్ రాజు’ నాడించినయేడు గెలుపు ఫిలొక్లిస్ అనువానికి దక్కినదని ప్రాచీనులు వ్రాసిరి. ఆ ఫిలొక్లిస్ నాటకములలో నేడొక్కటియు సమగ్రముగా మిగులలేదు. ఇక న్యూయార్కులో 1947లో మొదలైన టోనీ బహుమానములకు జోస్యము చెప్పుట ఒక వృత్తియే యైనది. 2004లో పలువురు ‘వికెడ్’ అను సంగీత నాటకమునకే గెలుపని తలపగా ‘అవెన్యూ క్యూ’ గెలిచినది. అచ్చట జోస్యము తప్పినను జాబితాలోని పేళ్లమధ్యనే తప్పును. మా కరీంనగరు, ఆదిలాబాదు సీమల సంగతి వేరు. ఇచ్చట పేరే జాబితాకు రాదు.

1998నుండి 2014వరకు ఈ జిల్లాలును నంది యుత్సవములు జరిగిన ఉమ్మడి రాష్ట్రములోనివే. సంగీత నాటకమా, ఇచ్చట కొల్లలు. వేములవాడ చెంతనున్న హనుమాజిపేటనే తీసికొనుడు. 1988 జ్ఞానపీఠ పురస్కారము నందిన సి. నారాయణరెడ్డిగారి ఊరది, ఒగ్గుకథకు పేరెన్నిక గన్న మిద్దె రాములు ఊరును అదియే. ఒగ్గుకథలో నొక్కడే రాజగును, మరుక్షణమున రాణియగును, కథకుడై మన ప్రక్కకు వచ్చి నవ్వించును. డోలు ఆ మార్పులన్నిటికి తెరయై నిలుచును. చిరుతల రామాయణమునకు పల్లె రైతులు నెలల తరబడి గురువువద్ద పాటయు అడుగును నేర్చి, చిరుతలు పట్టి రాత్రులకొలది ఆడుదురు. చిందువారు పొణికికర్ర భుజకీర్తులు దాల్చి, మద్దెల తాళములతో యక్షగానము నడపుదురు. ఆదిలాబాదు గోండు గూడెములలో దీపావళికి దండారి బృందములు నెమలియీకల టోపీలతో ఊరూర తిరుగును. ఇందు పద్యనాటకమను గడిలో నిముడునది ఏది?

వృద్ధుని ప్రశ్న యిదే. ఆయన జగిత్యాలవైపు చిందు కళాకారుడు. ఎవరో పిలువగా పోటీ చూడవచ్చి నా ప్రక్కన కూర్చుండెను. నా జోస్యమును శ్రద్ధగా విని, “సారూ, గీ పోటీల మేం ఆడరాదా?” అని యడిగెను. వ్రాతప్రతి పంపవలెననియు, నియమిత కాలమున ముగింపవలెననియు చెప్పితిని. “గంటల లెక్కనా? మాకు గణపతి వచ్చిపోయేటాలకే గంటైతది. కాయిదం యాడిది, మా తాత నోట్లకెల్లి నా నోట్లకొచ్చింది. సరే తియ్యి, గా దరఖాస్తుల మా ఆట పేరు ఏడ రాయాలె?” అనెను. “తాతా, అట్టి గడి లేదు” అని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆ రాత్రి స్వర్ణము నేను చెప్పిన సమాజమునకే వచ్చినది. ఆయన నా వంక చూచి నవ్వెను.

నియమములను వ్రాసినవారు చెడ్డవారని నేననను. వారు తామెరిగిన నాటకమును తలచి వ్రాసిరి. కాని ఎరుగకపోవుటకు కారణము కులమని చెప్పుటకు సంకోచమేల? చిందువారు అంటరానివారనబడిన మాదిగలను ఆశ్రయించి బ్రదికిన కళాకారులు. మన సమాజములలో పురుషులు చీరలు కట్టి నాయికలగుచున్న కాలముననే చిందులయింటి స్త్రీలు వేషము కట్టిరి. పొరుగు నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ (మరణము 2005) బాల్యముననే రంగమెక్కినది. సంస్కర్తలమైన మనము ఆ మాట నెన్ని సభలలో చెప్పితిమి?

గౌరవములు బొత్తిగా రాలేదనను. ఒగ్గుకథకు చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారము, 2021లో మర్లవాయి గుస్సాడి గురువు కనకరాజుకు, 2024లో చిందు యక్షగానమునకు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీలు వచ్చినవి. మా వెనుక వరుసలలో నీ పేళ్లను ముందు చెప్పినవాడొక్కడును లేడు; చెప్పవలెనన్న వారి యాట చూచి యుండవలెను గదా! అదియుగాక ఈ గౌరవములు ఒక్కొక్క మనిషికి, ముదిమిలో వచ్చునవి. ఆటయో, మేళమంతయు గూడి యాడునది.

తెలంగాణ ప్రభుత్వము 2025లో గద్దరు పేర పురస్కారములనిచ్చినది. అవి చలనచిత్రములకు! పాటయు ఆటయు గలిపి జీవితమంతయు వేదికపై గడపినవాని పేరది. అట్టి పోటీయొకటి నాటకమునకు బెట్టదలచినచో పాత దరఖాస్తును దెచ్చి పేరు మార్చరాదు. చిందునకు, ఒగ్గునకు, చిరుతలకు, దండారికి విడి గడులుండవలెను. వ్రాతప్రతికి బదులు ఆట ధ్వనిచిత్రమును గైకొనవలెను. పరీక్షకులు ఆట జరుగు పల్లెకే రాత్రి వచ్చి తెల్లవారువరకు కూర్చుండవలెను. వారిలో ఆ మేళములవారును నుండవలెను. పాత దరఖాస్తుతోనే మొదలుపెట్టినచో ఫలము నిప్పుడే వ్రాసి యిచ్చెదను: స్వర్ణము నొక పురాణకథకు, ఉత్తమనటుని బహుమానము రాగము పొడుగైనవానికి, జగిత్యాల చిందు మేళము జాబితాలో లేదు.