గ్లాసు నీళ్లలో ఆకు ముక్క

వరి ఆకు కొస నుంచి ఎండుతుంటే రైతు ఆ ఆకును మడిచి జేబులో పెట్టుకుని ఎరువుల కొట్టుకి వెళ్తాడు. కొట్టతను కౌంటరు అవతలి నుంచే చూసి, ఒక పొడి ప్యాకెట్టూ ఒక డబ్బా బల్ల మీద పెడతాడు. "ఈ రెండూ కలిపి కొట్టు మావా, తెగులేదైనా సరే పోతది" అంటాడు. ఆ "ఏదైనా సరే" దగ్గరే నాకు పేచీ. ఆకు ఎండడానికి శిలీంద్రం కారణం కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, పొటాష్ చాలకపోవచ్చు, నేలలో చౌడు ఉండవచ్చు. శిలీంద్రానికని అమ్మే మందుల్లో చాలావాటికి బ్యాక్టీరియా లొంగదు. రాగి మందులు రెండింటి మీదా కొంత పనిచేస్తాయి గాని, మొక్క నాళాల్లోకి దిగిపోయిన బ్యాక్టీరియా దాకా పైన చల్లింది చేరదు. ఎవరొచ్చారో తేల్చుకోకుండా కొట్టే మందుకి డబ్బు పోతుంది, వారం రోజులూ పోతాయి. పొలంలో తెగులు ఉన్నప్పుడు వారం రోజులంటే చిన్న విషయం కాదు.

మొక్కల తెగుళ్ల ల్యాబులోనే తల నెరిసినదాన్ని. ఎవరైనా రోగం మొక్క తెస్తే ఇప్పటికీ ముందు గాజు గ్లాసే తీస్తాను. గ్లాసుతో చేసే ఈ పరీక్షను మా వాళ్లు ఊజ్ టెస్టు అంటారు. వరికి బ్యాక్టీరియా తెచ్చే ఎండాకు తెగులు అని అనుమానమున్న ఆకును తీసుకోవాలి. పూర్తిగా ఎండి గడ్డిలా అయింది పనికిరాదు, పసుపూ పచ్చా కలిసే అంచు ఉండాలి. ఆ అంచు దగ్గర కత్తెరతో అడ్డంగా కోసి, కోసిన వైపు కిందికి మునిగేలా తేట నీళ్లలో నిలబెట్టాలి. గ్లాసు వెనక ముదురు రంగు గుడ్డో పుస్తకం అట్టో పెట్టి, పక్క నుంచి వెలుగు పడేలా చూసుకోవాలి. ఇక కదపకూడదు. కొద్ది నిమిషాల్లో కోత దగ్గర తెల్లటి మసక మొదలై, సన్నటి దారాలుగా అడుగుకి దిగుతుంది. ఆకు ఈనెల్లో కిక్కిరిసి ఉన్న బ్యాక్టీరియా నీటిలోకి దిగుతున్న దృశ్యం అది. శిలీంద్రమైతే నీళ్లు తేటగానే ఉండిపోతాయి. ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి ఎరువుల కొట్టు ముందూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. అర్థమైనా పైకి అనలేను.

పొలంలోనే చూడాలనుకునేవాళ్లు తెల్లారగట్ల వెళ్లాలి. ఎండాకు కొత్తగా సోకిన ఆకు అంచుల్లో చిన్న చిన్న మసక బొట్లు ఉంటాయి. పొద్దెక్కేసరికి అవి ఆరి, పసుపు పూసల్లా అంటుకుని, గాలికి రాలిపోతాయి. మధ్యాహ్నం వెళ్లినవాడికి ఎండిన అంచు తప్ప ఏమీ కనబడదు. ఈ తెగులును జపాన్‌లో ఫుకువోకా ప్రాంతపు రైతులు 1884లోనే గుర్తించారు. నేలలోని ఆమ్లం వల్ల వచ్చిందని మొదట్లో అనుకున్నారు. 1908లో తకాయిషి అనే శాస్త్రవేత్త ఆ మసక మంచు బొట్లనే మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అందులో బ్యాక్టీరియా గుంపులు కనిపించాయి. ఆకు అంచున రోజూ కనబడుతున్న బొట్టును అద్దం కిందకి తీసుకురావడానికి అంతకాలం పట్టింది.

గుర్తింపులో సగం పని పోలికలు విడదీయడమే. నాటిన కొద్ది వారాలకే కొన్ని దుబ్బులు ఉన్నట్టుండి వాడి చచ్చిపోతాయి. ఎండాకు తెగులు లేత పైరు మీద పడితే ఇలా జరుగుతుంది, దీన్ని క్రెసెక్ దశ అంటారు. అచ్చం ఇలాగే కాండం తొలిచే పురుగు పడినా మొవ్వు చస్తుంది. తేడా వేలితో తెలుస్తుంది. మొవ్వును పట్టుకుని లాగితే పురుగు కొరికింది సులువుగా ఊడి చేతికొస్తుంది. క్రెసెక్ అయితే అంత సులువుగా రాదు. పిలక మొదలు కోసి వేళ్లతో నొక్కితే పసుపు జిగురు బయటికి వస్తుంది. ఇక పొటాష్ చాలని పొలంలో కింది ముదురు ఆకుల కొసలూ అంచులూ ఎండుతాయి, పొలమంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఎండాకు పడిన ఆకులో ఎండిన భాగానికీ పచ్చటి భాగానికీ మధ్య గీత అలలు అలలుగా ఉంటుంది. గాలివాన వచ్చిపోయిన తరవాత, యూరియా దట్టంగా వేసిన మడిలో ముందు కనబడుతుంది. పక్కమడి ఎలా ఉందో, ఎన్ని బస్తాలు వేశారో అడగకుండా ఆకు ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

టమాటా, వంగ, మిరప దగ్గర గ్లాసు మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. ఒక పెద్దాయన టమాటా మొక్కను వేళ్లతో సహా గోనెసంచిలో చుట్టి తెచ్చారు.

"అమ్మా, పొద్దున నవనవలాడతానే ఉంది. మధ్యాహ్నానికి వాలిపోయింది. నీళ్లు చాల్లేదేమోనని తడి పెట్టాం. మర్నాటికి దాని వెనక సాలంతా వాలింది."

"ఆకులు పసుపెక్కాయా పెద్దయ్యా?"

"లేదమ్మా, పచ్చగానే చచ్చిపోతన్నాయి."

ఆ మాటతో సగం తేలిపోయింది. ఫ్యుజేరియం అనే శిలీంద్రం వల్ల వాడితే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. పచ్చగా ఉండగానే వాడిందంటే రాల్‌స్టోనియా బ్యాక్టీరియాను అనుమానించాలి. మొదలు దగ్గర కాండం కోసి గ్లాసులో వేలాడదీస్తే ఆయన చూస్తుండగానే తెల్లటి దారం అడుగు దాకా దిగింది. "ఇదా నా చేలో ఉంది?" అన్నారు. దానికి మందు లేదని, వాలిన మొక్కల్ని వేళ్లతో పీకి దూరంగా తగలబెట్టాలని, సాలులో పారే నీరే దాన్ని మొక్క నుంచి మొక్కకి మోసుకెళ్తుందని చెప్పాను. వచ్చే పంటకి ఆ నేలలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఏదీ పెట్టకుండా వరో మొక్కజొన్నో వేసుకోమన్నాను. టమాటాయే కావాలంటే ఈ తెగులును తట్టుకునే వంగ వేరు మీద అంటుకట్టిన నారు తెచ్చుకోమన్నాను.

గ్లాసు బ్యాక్టీరియా అని చెబుతుంది, ఏ బ్యాక్టీరియా అన్నది చెప్పదు. దానికి ల్యాబుకి రావాలి. తెగులు అంచున చిన్న ముక్క కోసి, పై మురికి పోవడానికి సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో కాసేపు ముంచి, శుద్ధి చేసిన నీళ్లలో కడిగి, ఒక్క చుక్క నీటిలో నలిపి, ఆ నీటిని తీగతో అగార్ ప్లేటు మీద గీతలు గీతలుగా రుద్దుతాం. బంగాళాదుంప ఉడికించిన రసంలో చక్కెర, అగార్ కలిపి చేసిన ప్లేటు వరి బ్యాక్టీరియాకి ఇష్టం. ప్లేట్లు పోసే రోజున ల్యాబు ల్యాబులా ఉండదు, వంటిల్లులా వాసనేస్తుంది.

కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే పట్టుబడతారు. మర్నాడు పొద్దున్నే ప్లేటు మీద నిగనిగలాడే పసుపు కాలనీలు చూసి "మేడం, వచ్చేసింది" అని పరిగెత్తుకొస్తారు. ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్ ఒరైజే కూడా పసుపే. కాని అది నెమ్మది. కంటికి కనబడడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. తెల్లారేసరికే వచ్చి కూర్చున్నది చాలాసార్లు పాంటియా అయి ఉంటుంది. ఆకు మీద మామూలుగా బతికేదే అది, రంగు మాత్రం అదే పసుపు. ఆ రెండో రోజున ప్లేటును పారేయకుండా పక్కన పెట్టి ఎదురుచూడమని చెప్పడమే నా ఉద్యోగంలో ఎక్కువ భాగం.

ఎదురుచూసే ఆ రోజుల్లో చిన్న పరీక్షలు ఉన్నాయి. గాజు స్లయిడు మీద 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాలనీలో కొంచెం తీసి టూత్‌పిక్‌తో కలిపి పైకెత్తితే, గ్రామ్ నెగటివ్ జాతి అయితే తీగపాకంలా సాగుతుంది. గ్రామ్ పాజిటివ్ అయితే సాగకుండా నీళ్లగానే ఉంటుంది. మొక్కలకి తెగుళ్లు తెచ్చే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం సాగే రకమే. పొగాకు ఆకు పరీక్ష నాకు మరీ ఇష్టం. హంగరీకి చెందిన క్లెమెంట్ 1963లో ప్రచురించిన పద్ధతి ఇది. బ్యాక్టీరియా కలిపిన నీళ్లను సూది లేని సిరంజితో ఆకు అడుగు నుంచి లోపలికి పంపిస్తే, సాధారణ బ్యాక్టీరియా అయితే ఆకు పట్టించుకోదు. తెగులు తెచ్చేదైతే ఒక రోజు తిరిగేసరికి ఆ చోటు మాత్రం కుంగి, ఎండి, గోధుమరంగుకి తిరుగుతుంది. అది వేరే పంట తెగులే అయినా ఆ కణాన్ని మొక్క పసిగట్టి, ఆ కొద్ది భాగాన్ని తానే చంపుకుని దారి మూసేస్తుంది. అన్ని జాతులకీ ఇది ఒకేలా పనిచేయదు. సూడోమోనాస్ సిరింజే లాంటివాటికి చక్కగా పనిచేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా అసలు రుజువు మిగిలే ఉంటుంది. రాబర్ట్ కాక్ మనుషుల, పశువుల రోగాలకి చెప్పిన నియమమే మాకూ శాసనం. ప్లేటు మీద శుద్ధిగా పెంచిన బ్యాక్టీరియాని ఆరోగ్యంగా ఉన్న మొక్కకి ఎక్కించాలి, అదే తెగులు రావాలి, ఆ మొక్క నుంచి అదే బ్యాక్టీరియా మళ్లీ బయటికి రావాలి. ఇప్పుడు పిసిఆర్ యంత్రం కొన్ని గంటల్లో పేరు చెప్పేస్తోంది. అది మంచిదే. కాని ప్రైమర్లు అనే డీఎన్ఏ తునకలు ఏవి వేస్తే ఆ ప్రశ్నకే అది జవాబిస్తుంది. మనం అడగని బ్యాక్టీరియా ఆ గొట్టంలో ఎంత ఉన్నా నోరు మెదపదు. ప్లేటు మీద మాత్రం అడగనివి కూడా మొలుస్తాయి. పేర్ల సంగతి అంటారా, రాల్‌స్టోనియాని 1896లో ఎర్విన్ స్మిత్ బాసిల్లస్ అన్నారు, తరవాత సూడోమోనాస్ అయింది, 1992లో బర్క్‌హోల్డేరియా, 1995లో రాల్‌స్టోనియా. గ్లాసులో దిగే దారం మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే.

పేరు తేలాక ఇంకో మెట్టు ఉంది. ఒకే బ్యాక్టీరియాలో ఒక్కో ప్రాంతపు రకానికి ఒక్కో బలం ఉంటుంది. దాన్ని తేల్చేది వరే. ఒక్కో నిరోధక జన్యువు మాత్రమే ఉన్న వరి వంగడాలను వరుసగా కుండీల్లో పెంచి, బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకుల కొసలు కత్తిరిస్తాం. రెండు వారాలయ్యాక కోత నుంచి ఎండు ఎంత దూరం దిగిందో స్కేలుతో కొలుస్తాం. ఏ వంగడం మీద ఎన్ని సెంటీమీటర్లు దిగిందన్నదే ఆ రకానికి చిరునామా. కత్తెర పట్టుకున్న ప్రతిసారీ నాట్లేసే ఆడవాళ్లు గుర్తొస్తారు. కాండం తొలిచే పురుగు గుడ్లు ఆకు కొసల్లో ఉంటాయని నారు కొసలు తుంచి నాటడం మన దగ్గర అలవాటు, సిఫారసు కూడా. ఎండాకు తెగులున్న ఊళ్లో అదే పని తలుపు తెరిచిపెట్టినట్టవుతుంది. గాయం దొరికితే ఆ బ్యాక్టీరియాకి ఇంకేం కావాలి.

బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, మన బీపీటీ 5204, ఎండాకుకి నిలవలేదు. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీ కలిసి దానిలోకి ఎక్స్‌ఎ 21, ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 5 అనే మూడు జన్యువులను డీఎన్ఏ మార్కర్ల సాయంతో సంకరం ద్వారా తెచ్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని ఇచ్చారు. ఎక్స్‌ఎ 21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఒక్కటి చాలదా అని విద్యార్థులు అడుగుతారు. ఎక్స్‌ఎ 21 ఒక్కదాన్ని దాటుకుపోయే రకాలు మన దేశపు పొలాల్లోనే దొరికాయి. అందుకే ఏటా కొత్త ఆకులు తెప్పించుకోవడం, ప్లేట్ల మీద గీయడం, కత్తెర ముంచడం, స్కేలు పెట్టడం ఇంకా సాగుతూనే ఉంది. తెచ్చేవాళ్లకి ఒక్క మాట: ఆకును తడి ప్లాస్టిక్ సంచిలో కుక్కకండి, దారిలోనే కుళ్లి, అసలుదాని మీద వేరేవి పెరిగిపోతాయి. కాగితంలో చుట్టి, ఎండ తగలకుండా, ఆ రోజే తీసుకురండి.