దుఃఖానికి చిరునామా ఉండాలి

2023 జూన్ 7న కెనడా కార్చిచ్చుల పొగ మా న్యూజెర్సీని కమ్మేసింది. పట్టపగలే ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. కిటికీలన్నీ మూసుకుని ఇంట్లో కూర్చున్నాం. పదహారేళ్ళ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, నేను పెద్దయ్యేసరికి ఇదే మామూలైపోతుందా?" "నువ్వు చదువుకోమ్మా, అవన్నీ చూసుకునేవాళ్ళు చూసుకుంటారు" అన్నాను. తను మారుమాట్లాడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ బెంగ మా ఇంటికే పరిమితం కాదని తర్వాత తెలిసింది. లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక 2021లో ఒక సర్వే ప్రచురించింది. ఇండియాతో సహా పది దేశాల్లో, 16 నుంచి 25 ఏళ్ళ లోపు పదివేల మందిని అడిగితే, వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామన్నవాళ్ళు 59 శాతం.

అప్పట్లో మా అమ్మాయి బల్ల మీద ఉన్న పుస్తకం డేవిడ్ వాలెస్-వెల్స్ రాసిన 'ది అన్‌ఇన్‌హాబిటబుల్ ఎర్త్' (2019). సగంలో ఆపేసింది. ఎందుకో తెలుసుకుందామని నేను మొదలుపెట్టాను. ఎండలు, ఆకలి, మునక, మంటలు, రోగాలు, యుద్ధాలు... ఇలా వరసగా 12 అధ్యాయాలు. రచయిత అబద్ధం చెప్పడు. భయపడాల్సిన విషయానికి భయపడాలన్న ఆయన వాదననీ కాదనలేను. ఇదంతా మనుషుల చేతుల్లోనే ఉందని చివర్లో అంటాడు కూడా. కానీ అక్కడి దాకా వచ్చేసరికి పాఠకుడి చేతుల్లో సత్తువ ఉండదు. పుస్తకంగా దాని లోపం అదేనని నా అభిప్రాయం. భయాన్ని పోగు చేస్తుంది గానీ దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పదు.

అప్పుడు ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివిన రేచెల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' (1962) మళ్ళీ తీశాను. ఆ పుస్తకానికి ప్రేరణల్లో ఒకటి ఒక ఉత్తరం. మసాచుసెట్స్‌లో ఓల్గా హకిన్స్ అనే ఆవిడ ఇంటి చుట్టూ పక్షుల్ని కాపాడుకునేది. దోమల కోసం విమానాల నుంచి చల్లిన డీడీటీకి ఆ పక్షులు చచ్చిపోయాయి. 1958 జనవరిలో ఆవిడ ఆ బాధని పత్రికకి రాసి, ఒక ప్రతి కార్సన్‌కి పంపింది. గమనించండి, ఆ దుఃఖానికి ఒక చిరునామా ఉంది.

కార్సన్ కూడా భయంతోనే మొదలుపెడుతుంది. పక్షుల కూతలు ఆగిపోయిన ఒక ఊహా పట్టణం కథ అది. కానీ ఆ కథకి రెండు పేజీలే ఇచ్చింది. మిగతా 16 అధ్యాయాల్లో ఏ మందు, ఎక్కడ చల్లారు, ఎవరు చల్లించారు, ఏం చచ్చింది అని విడమరిచి చెప్పింది. చివర్లో 50 పేజీలకు పైగా ఆధారాల పట్టిక. ఆఖరి అధ్యాయం మొత్తం వేరే దారుల గురించే. చదివినవాడికి ఎవరిని ప్రశ్నించాలో తెలుస్తుంది. ఆ ప్రశ్నలే సెనేట్ దాకా వెళ్ళాయి. 1963లో అక్కడ ఆవిడ సాక్ష్యం చెప్పింది. రొమ్ము క్యాన్సర్‌తో 1964లో చనిపోయింది. 1972లో అమెరికాలో డీడీటీ వాడకం దాదాపు పూర్తిగా నిషేధించారు. డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పల్చబడి, 1963 నాటికి అలాస్కా, హవాయి కాకుండా మిగతా రాష్ట్రాల్లో 417 జంటలే మిగిలిన బాల్డ్ ఈగిల్ 2007లో అంతరించే జాతుల జాబితా నుంచి బయటపడింది.

కార్సన్‌కి ఉన్న ఒక సౌలభ్యం మనకి లేదని ఒప్పుకోవాలి. ఆవిడ వేలెత్తి చూపినవాళ్ళు ఎదుటి పక్షంలో ఉన్నారు. ఈ పొగలో మన వాటా కూడా ఉంది. రెండు కార్ల గరాజ్‌లు, ఏటా ఇండియా విమాన టికెట్లు మనవే. అందుకేనేమో పిల్లలడిగితే మాట దాటేస్తాం.

మన కథలూ కవితలూ కూడా అంతే. ఊరి చెరువు ఎండిపోయిందనీ, పిచ్చుకలు రావడం లేదనీ ఎన్ని రాశాం! నేనూ రాశాను. అందులో మన బాల్యం పోయిందన్న బాధే గాని, ఆ చెరువు ఎందుకు ఎండింది, ఎవరు ఏం చేశారు అన్నది ఉండదు. అదే నేల మీద, అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2000ల మొదట్లో, పురుగుమందుల అప్పులతో విసిగి, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం వాడి, ఊరు మొత్తం రసాయన మందులు మానేసింది. కార్సన్ ఆఖరి అధ్యాయానికి అది తెలుగు ఉదాహరణ. మన సంచికల్లో ఎండిన చెరువుకి దొరికినంత చోటు పునుకులకి దొరకలేదు.

కార్సన్ మొదటి రెండు పేజీలు, చివరి అధ్యాయం మా అమ్మాయి, నేను కలిసి చదివాం. తర్వాత తను, ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి, స్కూల్ బస్సులు గేటు ముందు ఇంజన్లు ఆపకుండా ఎంతసేపు నిలబడుతున్నాయో వారం రోజులు రాసుకుని, స్కూలు వాళ్ళకి ఉత్తరం పంపారు. రెండు వాక్యాల జవాబొచ్చింది. ఇంకా బస్సులు ఆగలేదు. రెండో ఉత్తరం రాస్తున్నారు. భయం పోయిందా అని అడిగితే, "లేదు నాన్నా" అంది. కానీ ఈసారి గది తలుపు తెరిచే ఉంది.

మీ ఇంట్లో ఈ ప్రశ్న వస్తే నేనన్నమాట మీరనకండి. ఈ ఉత్తరం ఎవరికి రాద్దాం అని అడగండి.