ఆకు తిప్పి చూశారా?

కరివేపాకు చిగురేసిందంటే ఇంట్లోవాళ్ళకంటే ముందు నిమ్మ సీతాకోకచిలుకకు తెలిసిపోతుంది. లేతాకు మీద వాలి ఒక్కొక్కటిగా గుండ్రటి లేత పసుపు గుడ్లు పెట్టి పోతుంది. అందులోంచి వచ్చే పిల్లపురుగు నలుపు, తెలుపు కలిసి అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పెరిగాక ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. వేలితో తాకితే చాలు, తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు పైకి లేచి ఘాటు వాసన గుప్పుమంటుంది.

దీనికి మందెందుకు? కుండీలో మొక్క మీద ఉండేవే కొన్ని పురుగులు. పొద్దున్నే చేత్తో ఏరేస్తే సరి.

భారత్ నుంచి వెళ్ళే కరివేపాకుపై పురుగుమందుల అవశేషాల కోసం యూరోపియన్ యూనియన్ ప్రత్యేక తనిఖీలు పెట్టింది. ఆ మందుల భయంతోనే చాలామంది ఇంట్లో మొక్క పెంచుకుంటున్నారు. తీరా నాలుగు ఆకులకు చిల్లులు పడగానే అదే మందు డబ్బా తెచ్చి కొట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ముందు పురుగేదో తేల్చుకోవాలి.

చిల్లులు లేకుండా చిగురు మెలితిరిగితే అది సిల్లా అనే పురుగు పని కావచ్చు. నిమ్మ, బత్తాయి తోటల్ని దెబ్బతీసే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్ళేది ఈ పురుగే. పక్కన నిమ్మచెట్టు ఉన్నవాళ్ళు మెలితిరిగిన ఆ కరివేపాకు కొమ్మల్ని వెంటనే తుంచి, సంచిలో మూటకట్టి పారేయాలి.

కొత్తిమీర కాడల మీద చీమలు బారులు తీరాయా? ఆకు అడుగున పేనుబంక ఉందేమో చూడాలి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. ఆ అక్షింతల పురుగు పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో భయపెట్టేలా ఉంటుంది. తెలియక దాన్నే నలిపేస్తుంటారు. ఒక కుండీలో కొత్తిమీరను పూతకు వదిలేస్తే ఇలాంటి మిత్రపురుగులు మరికొన్ని వచ్చి చేరతాయి.

పేనుబంకకు మొదటి మందు నీళ్ళే. ఆకు అడుగున గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. పిండినల్లిని సబ్బునీళ్ళలో ముంచిన దూదితో తుడిచేయొచ్చు. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలిసేందుకు కాస్త సబ్బుద్రవం చాలు. ఎండకు వేపలోని అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం పూటే చల్లాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆకు జోలికి వెళ్ళకూడదు, లేదంటే చేదు నేరుగా చారులోకి దిగుతుంది. అనుభవమున్నవాళ్ళు వారానికి సరిపడా రెబ్బలు కోసి దాచుకున్నాకే వేపనూనె సీసా మూత తీస్తారు.