కట్ట మీద జాగ ఎవరిది?

పోయిన ఆదివారం జనగామకు దగ్గర్లోని ఒక చెరువు మత్తడి దుంకుతోందని తెలిసి పొద్దున్నే వెళ్లాను. అప్పటికే ఊరంతా అక్కడుంది. కట్ట పొడవునా బైకులు. మత్తడి కింది కాలువలో చేపలు ఎదురెక్కుతున్నాయి. గాలాలవాళ్లు, విసురు వలలవాళ్లు, దోమతెర నాలుగు కొసలు పట్టుకుని నీళ్లలో దిగిన పిల్లలు, ఇదంతా ఫోన్లలో తీసేవాళ్లు. మత్తడికి ఒక పక్కన, నీళ్లు సుడి తిరిగి నెమ్మదించే మూలలో ఒక పెద్దమనిషి వెదురు గాలంతో కూర్చున్నాడు. పక్కన సద్దిగిన్నె ఉంది. తెల్లారకముందే వచ్చి ఉంటాడు. రీలున్న కొత్త గాలాలతో ఇద్దరు పిల్లగాళ్లు వచ్చి ఆయన భుజం మీదుగా దారం విసిరారు. రెండు దారాలూ పెనవేసుకున్నాయి. "జర జరుగు తాతా" అన్నాడొకడు. ఆయన ఏమీ అనలేదు. చిక్కుపడ్డ దారాన్ని పంటితో తెంపి, బెండును జేబులో వేసుకుని, కర్ర పట్టుకుని కట్ట దిగి వెళ్లిపోయాడు.

వారమంతా ఆ కోపం నన్ను వదల్లేదు.

ఈ కాలమ్ చదివేవారికి మత్తడి దగ్గర దోమతెరల మీద నా పోరు తెలిసిందే. ప్రతి వానాకాలం రాస్తున్నాను, మళ్లీ రాస్తాను. తొలి వరదకు ఎదురెక్కే చేపల్లో చాలావరకు గుడ్లతో ఉన్నవే. దోమతెర కన్నుల్లోంచి చిటికెన వేలంత పిల్ల కూడా తప్పించుకోలేదు. ఒక పూట కూర కోసం వచ్చే ఏటి చెరువునే ఎత్తుకుపోవడం అది. కానీ ఈ వారం నా బాధ వలలవాళ్ల గురించి కాదు. గాలం వేసేవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలగాలన్నది.

వల విసిరేవాడి పని నిమిషాల్లో తేలిపోతుంది. గాలంవాడికి అలా కాదు. ఒక చోటు చూసుకోవాలి, ఎర గుచ్చాలి, గంటల తరబడి ఆ బెండునే చూస్తూ కూర్చోవాలి. చెరువు ఎంత పెద్దదైనా చేప పడే చోట్లు కొన్నే ఉంటాయి: తూము దగ్గరి లోతు, మత్తడి మూల, తుంగ పెరిగిన అంచు, వాగు వచ్చి చెరువులో కలిసే చోటు. వచ్చేవాళ్లంతా ఆ నాలుగు చోట్లకే వస్తారు. అందుకే చెరువు మిగతాదంతా ఖాళీగా ఉన్నా అక్కడ మాత్రం తోపులాట తప్పదు.

మా అమ్మమ్మ ఊరు మానుకోట వైపు. ఎండాకాలం సెలవులు, దసరా సెలవులు అక్కడే గడిచేవి. తాతకు గాలమంటే ప్రాణం. సన్న వెదురు కోసి, నీడన ఆరబెట్టి, వంకర లేకుండా నిప్పు సెగకు కాచి కర్ర చేసేవాడు. నెమలీక ఈనెతో బెండు, మెతక సీసం ముక్కతో బరువు. పెంట దిబ్బ పక్కన తడి మట్టి తవ్వి ఎర్రలు తీయడం నా పని. కట్ట ఎక్కేముందు చెప్పులు విప్పించేవాడు, అడుగుల చప్పుడు నీళ్లకు తెలుస్తుందని. ఎవరైనా ముందే కూర్చుని ఉంటే ఆగి "పడ్తున్నయా?" అని అడిగేవాడు. చేపల గురించి తెలుసుకోవడానికి మాత్రమే కాదు, పక్కన కూర్చోవచ్చా అని అడగడం కూడా అదే. అవతలి మనిషి "ఆఁ, రా, కూసో" అంటే ఒక కర్ర పొడవు వదిలి కూర్చునేవాళ్లం. ఏమీ అనకుండా నీళ్ల వైపే చూస్తూ ఉంటే ముందుకు సాగేవాళ్లం.

తాత దగ్గర ఇంకా చాలా కట్టుబాట్లు ఉండేవి. నీ నీడ ఎదుటివాడి బెండు మీద పడకూడదు. కింద పెట్టిన గాలం కర్రను దాటకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. పక్కవాడి బెండు మునిగితే నీ దారం పైకి తీసి కర్ర నిలబెట్టాలి, వాడి చేప నీ దారానికి చుట్టుకోకుండా. ఎదుటివాడి బుట్టలోకి తొంగిచూడకూడదు, ఎన్ని పడ్డాయని లెక్క అడగకూడదు. ఎర అయిపోయినవాడు అడిగితే లేదనకూడదు. చేప తెగిపోయి పోతే నవ్వకూడదు.

వీటన్నిటికంటే గట్టిది కొర్రమీను కట్టుబాటు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం కదా, ఆ కొర్రమీను పిల్లలను కనిపెట్టుకుని ఉండే చేప. గడ్డి ఉన్న లోతులేని నీళ్లలో గుడ్లు పెట్టి వాటికి కాపలా ఉంటుంది. పిల్లలయ్యాక అవి ఎర్రగా, గుంపుగా నీటి పైపైన తిరుగుతుంటాయి, కిందనే తల్లీతండ్రీ. ఆ ఎర్రటి గుంపు కనబడితే దాని పక్కన కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే చాలు, ఆకలి లేకపోయినా పెద్ద చేప మీదపడుతుంది. పిల్లల్ని కాపాడుకోవడానికే అది నోరు తెరుస్తుంది. దాన్ని లాగేస్తే అండ లేని ఆ పిల్లలు మిగతా చేపలకూ కొంగలకూ మేతైపోతాయి. తాత ఆ గుంపు చూస్తే గాలం తీసి ఇంకో చోటికి నడిచేవాడు. ఎవరైనా అక్కడ గాలం వేస్తే కట్ట మీదివాళ్లంతా ఒక్కసారే లేచి అరిచేవాళ్లు.

ఈ కట్టుబాట్లు పెద్దలు చెప్పగా, చేసి చూపగా వచ్చినవి. మన దగ్గర గాలం వేట గురించి పాత పుస్తకాలు లేవని కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం ఒక భాగం. ఏ చేప ఎలాంటిది, దేనికి ఏ మేత వేయాలి అన్న వివరాలు అందులో ఉన్నాయి. అప్పటికి మన కాకతీయులు ఆ చాళుక్యులకే సామంతులు. ఆ తర్వాతి శతాబ్దంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో పెద్ద చెరువు తవ్వించి శాసనం వేయించింది. ఘనపురంలో గణపసముద్రం, పాలంపేటలో రామప్ప చెరువు ఆ కాలానివే. అయితే సోమేశ్వరుడిలాంటి రాజు గాలం వేస్తే పక్కన జాగ కోసం పోటీపడేవాడు ఉండడు. పదిమంది చేరినప్పుడే మర్యాద అవసరమవుతుంది. గాలం మర్యాద పుట్టింది ఊరి కట్ట మీద, జనం నడుమ.

ఇంతవరకు రాసి, పాతకాలం మంచిదని, ఈ తరానికి మర్యాద లేదని ముగించవచ్చు. చదివేవారిలో సగం మంది తలూపుతారు. కానీ తాత ఊరి కట్టను మరోసారి మనసులో ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిస్తే ఇంకొక మనిషి కనబడతాడు.

ఆ ఊరి చెరువు తూములు ఎత్తి దించే నీరటి కొడుకు నా ఈడువాడు. చాలా ఊళ్లలో లాగే అక్కడా నీరటి దళితుడే. ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్లు పోవాలో ఆయనే చూసేవాడు. ఆయకట్టు మొత్తం ఆయన చేతిమీద తడిసేది. ఆయన కొడుక్కి చెరువు లోతు, చేప నడక మా తాతకంటే బాగా తెలుసు. కానీ వాడు తూము రాళ్ల మీద కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. కట్ట చివర, తుమ్మ చెట్ల కింద, మోకాళ్ల లోతు బురదలో నిలబడి గాలం వేసేవాడు. వాణ్ని అక్కడికి పొమ్మని ఎవరూ అనగా నేను వినలేదు. అనాల్సిన అవసరమే లేదు. "పడ్తున్నయా?" అని వాణ్ని ఎవరూ అడగలేదు, వాడూ ఎవర్నీ అడగలేదు. కర్ర పొడవు దూరం, ఎర పంచుకోవడం, దారం పైకి తీయడం ఇవన్నీ రాళ్ల మీద కూర్చున్నవాళ్ల మధ్యే నడిచేవి.

అంతకుముందు తరం సంగతి ఇంకా కఠినం. ఈ జనగామ ప్రాంతం విస్నూరు దేశ్‌ముఖ్ ఏలిన నేల. దేవరుప్పుల పక్కన కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన నేల. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన పంట కోసం నిలబడిన నేల. వెట్టి నడిచిన రోజుల్లో చెరువు కట్ట మీద తోపులాట ఉండేది కాదంటే నమ్ముతాను. ఎవడు ఎక్కడ నిలబడాలో ముందే తేలిపోయిన చోట తోపులాట ఎలా వస్తుంది? ఆ నెమ్మదిని మర్యాద అని పిలవలేను. భయం ఉన్న చోట కూడా జనం వరుసగానే నిలబడతారు.

ఇది గుర్తొచ్చాక జనగామ మత్తడి మరోలా కనబడుతోంది. అక్కడ చేరిన జనంలో ఎవరూ ఎవరి కులం అడగలేదు. ఎవరూ బురదలోకి దిగి నిలబడాలనుకోలేదు. ఆడవాళ్లు కూడా గాలం పట్టుకుని మత్తడి మూలకు వచ్చారు. చెరువు మాదీ అని అందరూ అనుకోవడం మంచిది. అంతమందికీ సరిపోయే కట్టుబాటు మనం ఇంకా చేసుకోకపోవడమే లోటు. ఆ పిల్లగాళ్లు మత్తడి మూలకు రావడం తప్పు కాదు, ముందే కూర్చున్న మనిషిని లేపడం తప్పు.

అలాంటి కట్టుబాటు కుదురుతుందనడానికి భూపాలపల్లి సాక్ష్యం. గణపసముద్రం కట్ట మీద వారపు సెలవు రోజున సింగరేణి బొగ్గుగని కార్మికులను చూశాను. ఒకరిది మంథని వైపు, ఒకరిది ఖమ్మం, ఒకరిది శ్రీకాకుళం. ఎవరి తాత ఎవరో ఎవరికీ తెలియదు. అక్కడ పాటించేది ఒకటే: ముందొచ్చినోడిదే జాగ. ఆలస్యంగా వచ్చినవాడు కట్ట చివరికి నడుస్తాడు, వాడు ఎవరైనా సరే. మధ్యలో లేచిన ఒకాయన తుండుగుడ్డ పరిచి పోతే, తిరిగొచ్చేదాకా దాని దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు. బాయిలో షిఫ్టు ప్రకారం దిగి ఎక్కేవాళ్లకు వంతు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటున్న మా బంధువుల అబ్బాయి కూడా ఇలాంటిదే చెప్పాడు. ట్రౌట్ చల్లని ఏరుల చేప, మన చెరువుల్లో బతకదు. అక్కడ ఏప్రిల్ మొదటి శనివారం ట్రౌట్ వేట మొదలవుతుంది. జనం చీకట్లోనే వచ్చి ఏటి ఒడ్డున భుజం భుజం తగిలేలా నిలబడతారట. కానీ ఉదయం 8 గంటలకు ముందు ఎవరూ గాలం వేయరు. అది చట్టం. ఎవరికైనా పెద్ద చేప పడితే చుట్టూ ఉన్నవాళ్లు తమ దారాలు చుట్టేసుకుని దారి ఇస్తారు. అది ఏ చట్టమూ కాదు, అలవాటు. మా తాత ఎరగని ఆ దేశంలోనూ అదే పద్ధతి!

ఇంకొక మాట చెప్పకపోతే ఈ లెక్క సగమే. మనం గాలం వేసే చెరువులో చేప ఎవరిది? లీజు కట్టేది మత్స్య సహకార సంఘం. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేప పిల్లలు చెరువులోకి వెళ్లేది ఆ సంఘం పేరిటే. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు నెలల తరబడి కాపలా కాసి, వేసవిలో వల దించి బతకాలి. మా వైపు చాలా చెరువుల్లో ఇంటి కూర కోసం వేసే గాలాన్ని సంఘం వాళ్లు చూసీచూడనట్టు వదిలేస్తారు. అది వాళ్ల పెద్దమనసు. సంచులు నింపుకుని అంగడిలో అమ్ముకునేవాడు ఆ పెద్దమనసును దోచుకుంటున్నాడు. పక్కవాడికి జాగ ఇచ్చినంత మాత్రాన గాలంవాడు మర్యాదస్థుడు కాలేడు. సంఘం మనిషికి ఒక మాట చెప్పి కూర్చోవడం, కూరకు సరిపోగానే లేవడం కూడా మర్యాదే.

మత్తడి దగ్గర పోలీసును పెట్టాలని మొదట రాద్దామనుకున్నాను. వరద ఉధృతంగా ఉన్నప్పుడు, పాకురు పట్టిన రాళ్ల మీద జనం ఎక్కకుండా ఆపడానికి పోలీసు కావాల్సిందే. ప్రాణాలు పోతున్నాయి. గాలం మర్యాదకు మాత్రం పోలీసు వద్దు. ఆ మాట సంఘం వాళ్లే చెప్పాలి. చెరువు నీళ్లకు నీరటి ఉన్నట్టు, మత్తడి దుంకే నాలుగు రోజులు కట్ట మీద ఒక మనిషిని నిలబెట్టండి. దోమతెరలు ఆపడం, ముందొచ్చినవాడి జాగ కాపాడటం, కొర్రమీను గుంపు జోలికి పోనివ్వకపోవడం అతని పని. అతనికి కూలి ఇవ్వడానికి గాలం వేసేవాళ్లు తలా పది రూపాయలు వేసుకోవచ్చు. నేను ముందు ఇస్తాను.

ఈ ఆదివారం చెరువుకు పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఇదే. కట్ట మీద మీకూ జాగ ఉంది, నిస్సంకోచంగా రండి. కూర్చోబోయే ముందు పక్కమనిషిని ఒక్కసారి "పడ్తున్నయా?" అని అడగండి. కట్ట చివర తుమ్మ చెట్ల కింద ఎవరైనా ఒంటరిగా నిలబడి ఉంటే వాళ్లనూ అడగండి.