కారు తెరపై ఫోను: ఎంతవరకు మేలు?

ఈ మధ్య కొన్న కార్లలో స్టీరింగు ప్రక్కన పలక వంటి తెర ఒకటి కనబడుచున్నది. చేతి ఫోనును తీగతో గాని, తీగ లేకుండ గాని దానికి జతపరచినచో ఫోనులోని పటము, పాటలు, పిలుపులు ఆ తెరమీద ప్రత్యక్షమగును. ఆండ్రాయిడ్ ఫోనులకు ‘ఆండ్రాయిడ్ ఆటో’ అనియు, ఆపిల్ ఫోనులకు ‘కార్‌ప్లే’ అనియు దీనికి పేర్లు. కార్లు అమ్మువారు దీనిని గొప్ప సౌకర్యముగా చెప్పుదురు. కొన్నవారును అట్లే చెప్పుకొందురు. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య నిత్యము ప్రయాణము చేయు ఉపాధ్యాయులు మనలో పలువురున్నారు. నలుగురు కలిసి ఒకరి కారులో పాఠశాలకు పోవుట కూడ వాడుకయైనది. కనుక ఈ సౌకర్యము విలువ ఎంత, దానికి చెల్లించు మూల్యము ఎంత అను ప్రశ్న మనకు పరాయిది కాదు. మూల్యమనగా రూపాయలు మాత్రమే కాదని ముందుగానే మనవి చేయుచున్నాను.

మొదట పేరు సంగతి చూతము. దీనిని వాడుకలో ‘మిర్రరింగ్’ అందురు, అనగా అద్దములో వలె ప్రతిబింబింప జేయుట. ఈ పేరు సరియైనది కాదు. అద్దములో మన ముఖము ఉన్నదున్నట్లు కనబడును. కారు తెరమీద ఫోను ముఖము అట్లు కనబడదు. కారు కొరకు ఫోను వేరుగా ఒక చిత్రమును తయారుచేయును. అందులో అక్షరములు పెద్దవి, మీటలు తక్కువ. ఆ చిత్రమును చలనచిత్రము వలె కుదించి క్షణక్షణము కారు తెరకు పంపుచుండును. మనము తెరను ఎక్కడ తాకితిమో ఆ వార్త తిరిగి ఫోనుకు చేరును. ఆలోచించునది ఫోను, కారు తెర ఒక కిటికీ మాత్రమే. సినిమాలు చూచుట, టైపు చేయుట వంటి పనులను బండి నడచుచుండగా ఈ పద్ధతి సాధారణముగా సాగనీయదు. ఫోను ముఖమును యథాతథముగా తెరకెక్కించు చౌక పరికరములు బజారులో వేరుగా దొరకుచున్నవి. వాటికి ఈ కట్టుబాటు ఉండదు. రెండింటిని ఒకే పేరుతో పిలుచుటవలన మంచిదానికి చెడ్డపేరును, చెడ్డదానికి మంచిపేరును వచ్చుచున్నవి.

కార్‌ప్లే 2014 మార్చిలో వెలువడినది. ఆండ్రాయిడ్ ఆటోను 2014 జూనులో ప్రకటించి 2015 మార్చిలో ప్రజలకిచ్చిరి. అంతకు ముందే ‘మిర్రర్‌లింక్’ అను పద్ధతి ఒకటి ఉండెడిది. శాంసంగ్ కంపెనీ 2020 జూనులో తన ఫోనులలో దానికి స్వస్తి చెప్పినది. ఫోనుకు, కారుకు కుదిరిన పొత్తు కారు బ్రతికినంత కాలము నిలుచునని ఎవరును హామీ ఇవ్వలేదు. అమెరికాలోని జనరల్ మోటార్సు కంపెనీ ఇకముందు తయారుచేయు విద్యుత్ కార్లలో ఈ రెండింటిని తీసివేసి సొంత ఏర్పాటునే ఉంచెదనని 2023లో ప్రకటించినది. అయినను కొనువాని దృష్టితో చూచినచో ఈ పద్ధతికి ఒక మంచి గుణము కలదు. కారు పదిహేనేండ్లు ఉండును. ఫోను నాలుగేండ్లకు మారును. కారులో పుట్టుకతో వచ్చిన పటము కారుతోపాటు ముసలిదగును. ఫోనులోని పటము మాత్రము ఎప్పటికప్పుడు దిద్దబడుచుండును.

తీగ విషయమై ఒక మాట. “బజారులో తీగ కొంటిని, ఫోనుకు విద్యుత్తు ఎక్కుచున్నది గాని కారు ఫోనును గుర్తించుట లేదు” అని పలువురు వాపోవుదురు. మామూలు యు.ఎస్.బి. తీగలో నాలుగు సన్నని తీగలుండును. రెండు విద్యుత్తును, రెండు సమాచారమును మోయును. చౌక రకపు తీగలు కొన్నింటిలో సమాచారపు జత ఉండనే ఉండదు. అట్టి తీగను ఎన్నిసార్లు గ్రుచ్చినను ప్రయోజనము లేదు. పాడైన తీగను ఒకదానిని కోసి పిల్లలకు చూపినచో వారు ఎన్నడును మరువరు. ఇక తీగలేని పద్ధతిలో మొదట బ్లూటూత్ ఫోనుకు, కారుకు పరిచయము చేయును. చిత్రము బరువైనది గనుక దానిని మోయుట బ్లూటూత్‌కు శక్యము కాదు. ఆ పని వై-ఫై తరంగములు చేయును. ఇన్ని పనులు ఒక్కసారి చేయుటవలన ఫోను వేడెక్కును. మే నెల మధ్యాహ్నము అద్దము క్రింద ఎండలో పెట్టిన ఫోను మరింత వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకు పనిని మందగింపజేసికొనును. మన ప్రాంతపు ఎండలకు తీగయే మేలు.

ఇవన్నియు చిన్న సంగతులు. అసలు ప్రశ్న కన్నుల గూర్చినది.

ఈ విషయమై జరిగిన పరిశోధనలలో రెండు తరచు ప్రస్తావనకు వచ్చును. పైకి చూచుటకు అవి ఒకదానికొకటి విరుద్ధములు. అమెరికాలో ఏ.ఏ.ఏ. అను మోటారు సంఘమువారి సంస్థ కొరకు యూటా విశ్వవిద్యాలయమువారు ఐదు కార్లను పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. కారులో పుట్టుకతో వచ్చిన ఏర్పాటుతో పోల్చినచో, ఆండ్రాయిడ్ ఆటో లేక కార్‌ప్లే వాడినవారు ఫోను పిలుపును సగటున 5 సెకనులు, గమ్యస్థానమును పటములో చేర్చుటను 15 సెకనులు త్వరగా ముగించిరి. ఇది మెచ్చుకొనదగినదే. 2020లో బ్రిటనులో ఐ.ఎ.ఎం. రోడ్‌స్మార్ట్ అను సంస్థ కొరకు జరిగిన పరిశోధనలో డ్రైవర్లను నకిలీ రోడ్డు చూపు యంత్రములో కూర్చుండబెట్టి పరీక్షించిరి. తెరను వ్రేలితో తాకుచు నడపినవారు ఎదుటి సంకేతమునకు స్పందించుటలో ఆండ్రాయిడ్ ఆటోతో నూటికి 53 పాళ్లు, కార్‌ప్లేతో 57 పాళ్లు ఆలస్యము చేసిరి. నోటిమాటతో ఆజ్ఞాపించినప్పుడు ఈ ఆలస్యము 30, 36 పాళ్లకు తగ్గినది. బ్రిటనులో చట్టము అనుమతించు హద్దువరకు మద్యము సేవించినవారి ఆలస్యము 12 పాళ్లని ఆ నివేదిక ప్రక్కనే చూపినది.

ఈ చివరి పోలికను పత్రికలు గట్టిగా చాటినవి. దానిని కొంచెము జాగ్రత్తగా పట్టుకొనవలెను. మద్యము లెక్క వేరొకప్పుడు జరిగిన పరీక్షలోనిది. పైగా మద్యము మత్తు ప్రయాణమంతయు ఉండును. తెర మత్తు దానిని తాకిన కొద్దిసేపే. అంతమాత్రమున 57 అను సంఖ్య అబద్ధమని కాదు. ఇక రెండు పరిశోధనలకు నిజముగా విరోధము లేదు. ఒకటి ఈ తెరను పాత తెరతో పోల్చినది. రెండవది ఏ తెరను తాకకుండ రోడ్డును చూచుచున్న మనిషితో పోల్చినది. అమ్మువాడు మొదటి పోలికనే చెప్పును. మనకు కావలసినది రెండవది.

దీనిని మన రోడ్డుకు అన్వయింతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. లెక్కకు సులువుగా ఉండుటకు మామూలు స్పందన కాలము ఒక సెకను అనుకొందము. నూటికి 57 పాళ్లు ఆలస్యమనగా 1.57 సెకను. అనగా బ్రేకు తొక్కుటకు ముందే బండి అదనముగా 9.5 మీటర్లు పోవును. అది రెండు కార్ల పొడవు కన్న ఎక్కువ. ఒక్క చూపు రెండు సెకనులు మించకూడదని అమెరికా ప్రభుత్వ సంస్థ 2013లో కార్ల తయారీదారులకు సూచించినది. ఆ రెండు సెకనులలోనే బండి 33 మీటర్లు పోవును. పెద్ద నగరపు విశాలమైన రహదారిలో ఆ 33 మీటర్లు ఖాళీగా ఉండవచ్చును. వేమూరు, భట్టిప్రోలుల మీదుగా రేపల్లెకు పోవు దారిలో ఆ 33 మీటర్లలో ఏమేమి ఉండునో ఈ పత్రిక చదువువారికి చెప్పవలసిన పని లేదు. కోతల కాలములో సగము రోడ్డుమీద వడ్లు ఎండుచుండును. చుట్టును రాళ్లు పేర్చియుందురు. సందె చీకటిలో వెనుక దీపము లేని ట్రాక్టరు గడ్డితో పోవుచుండును. సంక్రాంతి ముందు ఉదయములలో మంచు. ప్రక్కన కాలువ. జాతీయ రహదారి 216 రేపల్లె, బాపట్లలను కలుపుచున్నది గనుక అక్కడ వేగము పెరుగును. కాని అడ్డమువచ్చు గేదె వేగము పాతదే.

ఆ 2020 పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి. కొందరు తెరతో పనిచేయుచు మొత్తము 16 సెకనుల వరకు రోడ్డునుండి చూపు తప్పించిరి. తాము ఎంతసేపు చూచితిమో అడిగినప్పుడు మాత్రము తక్కువ చెప్పిరి. మనిషికి తన చూపు లెక్క తెలియదు. “నేను జాగ్రత్తగానే చూచెదను” అను మాటకు శాస్త్రములో విలువ లేకపోవుటకు కారణమిదే.

ఇక చట్టము. మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించినప్పుడు చేతితో పట్టుకొను ఫోనును బండి నడుపుచు వాడుటను ప్రమాదకరమైన నడకలో చేర్చిరి; మొదటి తప్పునకు జుల్మానా వేయి రూపాయలనుండి ఐదువేల వరకు. దారి చూచుకొనుటకు మాత్రము, ఏకాగ్రత చెడకుండ వాడవచ్చునని 2020 అక్టోబరునుండి అమలైన నిబంధన చెప్పుచున్నది. కారు తెరలో అమర్చిన ఫోను చేతిలో లేదు గనుక చాలమంది నిశ్చింతగా ఉన్నారు. చట్టము చేతిని చూచును. ప్రమాదము కంటిని చూచును.

పటముమీది నమ్మకము వేరొక చిక్కు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశములోని బరేలీ దగ్గర కారులో పోవుచున్న ముగ్గురు, పటము చూపిన దారి పట్టుకొని, వరదలలో ఒక భాగము కొట్టుకొనిపోయిన వంతెనపైనుండి రామగంగలో పడి చనిపోయిరి. అది ఈ తెర చేసిన తప్పు కాదు; ఫోను చేతిలోనున్నను అదే పటము చూపెడిది. కాని పెద్ద తెరమీద, రంగులలో, నిబ్బరముగా కనబడు దారిని కాదనుట మనిషికి కష్టము. మన డెల్టాలో కాలువగట్టు, దానిమీది మట్టిబాట, చిన్న వంతెన అడుగడుగున ఉన్నవి. పటమునకు అవన్నియు గీతలే. ఇంగ్లీషు గొంతుతో దారి చెప్పునట్లు అమర్చినచో ‘బాపట్ల’లోని ‘ట్ల’ ఎటు పోవునో దేవునికెరుక. వినువాడు నవ్వుకొని ఊరకుండక, ఏమి చెప్పినదోయని తెరవైపు తల త్రిప్పును. పలుకును తెలుగునకు మార్చుకొనుట చిన్న పనియైనను చూపును మిగుల్చును.

తెరలు పెరిగినకొలది పాత గుబ్బలు, మీటలు మాయమగుచున్నవి. చలిగాలి పెంచుటకు గుబ్బ త్రిప్పుటలో వ్రేళ్లకే తెలివి ఉన్నది. కంటితో పని లేదు. నున్నని గాజు పలకమీద వ్రేలికి ఆనవాలు దొరకదు, కన్ను పోయి వెదకవలెను. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించు యూరో ఎన్‌క్యాప్ సంస్థ, 2026 నుండి హారను, తుడుపుడు పుల్లలు, మలుపు దీపములు మొదలగువానికి చేతికి తగులు మీటలు ఉన్నవా లేవా అనుటను లెక్కలోనికి తీసికొనెదనని ప్రకటించినది. తెరమీదనే అన్నియు ఉండవలెనను మోజు తగ్గుటకు ఇది తోడ్పడునని నా నమ్మకము. కారు కొనబోవువారు తెర వెడల్పు అడుగుటకు ముందు గుబ్బలను లెక్కపెట్టవలెను.

ఇన్ని చెప్పిన తరువాత, వాడదగునా అని అడిగినచో, వాడదగుననియే నా తీర్పు. తొడమీదనో, గేరు ప్రక్కనో పెట్టుకొని క్రిందికి వంగి చూచు ఫోను కన్న కంటికెదురుగా ఉన్న తెర నిస్సందేహముగా మేలు. ఎరుగని ఊరికి పోవునప్పుడు పటము, దారి చెప్పు గొంతు, ఈ రెండు ఉపకారములు చాలును. గమ్యమును, పాటలను బండి కదలకముందే అమర్చవలెను. నడుమ మార్చవలసివచ్చినచో ప్రక్క సీటులోని వారు మార్చవచ్చును. ఎవరును లేనప్పుడు బండిని ప్రక్కకు ఆపవలెను. వచ్చిన సందేశములను చదివి వినిపించు సదుపాయమును నేనైతే మూసివేయుదును. చెవి వినుచుండగా మనసు రోడ్డుమీద సగమే ఉండును. అదే మోటారు సంఘము 2015లో జరిపించిన మరొక పరిశోధనలో, మాటతో ఆజ్ఞాపించు పని ముగిసిన తరువాత కూడ దాని ఛాయ మనసుమీద 27 సెకనుల వరకు నిలుచుట కనిపించినది. గంటకు 40 కిలోమీటర్ల నెమ్మది నడకలోనైనను ఆ 27 సెకనులలో బండి 300 మీటర్లు పోవును. తెనాలినుండి బాపట్లకు ఏటికి రెండువందలసార్లు పోవువారికి ఆ దారిలో పటముతో పనియే లేదు. వారు ఫోనును జతపరచకపోయినను కోల్పోవునది ఏమియు లేదు. ఈ తెర ఉన్నదను కారణముచేత ఎక్కువ ధర గల రకమును అప్పుచేసి కొనుట తెలివికాదు.

పాఠశాలలో దీనిని లెక్కల పాఠముగా మార్చవచ్చును. ఆవరణలో నిలిపి, ఇంజను ఆపిన కారులో ఒక ఉపాధ్యాయుడు కూర్చుండి ‘రేపల్లె రైల్వే స్టేషను’ను తెరమీద గమ్యముగా చేర్చవలెను. వెలుపల నిలుచున్న విద్యార్థి ఆయన కన్నులను మాత్రమే గమనించుచు, చూపు తెరమీదికి దిగినప్పుడెల్ల గడియారము నొక్కి, పైకెత్తినప్పుడు ఆపవలెను. రెండవ విద్యార్థి ఎన్నిసార్లు దిగినదో లెక్కింపవలెను. తరువాత నోటిమాటతో అదే పని చేయించి మరల కొలవవలెను. వచ్చిన సెకనులను 16.7తో హెచ్చించి, అన్ని మీటర్లను ఆటస్థలములో టేపుతో కొలిచి సున్నపుగీత గీయింపుడు. ఉపాధ్యాయుడు కారు దిగకముందే తాను ఎంతసేపు చూచెనో ఊహించి ఒక కాగితముమీద వ్రాసియుంచవలెను. రెండు సంఖ్యలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వేసినచో మిగిలిన చర్చ పిల్లలే చేయుదురు.